పెంతెకొస్తు సెలవుల్లో ప్రాగ్ ట్రిప్: ఎవరు ఏం చూసుకుంటున్నారు?

టికెట్ల టీమ్:
అందరికీ నమస్కారం. ఉగాది పండగ ఖర్చుల లెక్కలు నిన్న రాత్రికి తేలాయి కాబట్టి ఇక ప్రాగ్ సంగతి చూద్దాం. మన డ్రెస్డెన్ తెలుగువాళ్ళ నుంచి ఇప్పటికి 38 పేర్లు వచ్చాయి. అందులో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు 9 మంది, స్ట్రోలర్లు (పిల్లల తోపుడు బండ్లు) 4. ఈ 9ని, 4ని చూసుకునే ప్లాన్ వేద్దామని నా మనవి. పోయినసారి మన సరదా కొద్దీ ప్లాన్ వేసుకుని, పెద్దవాళ్ళను వెనకాల ఈడ్చుకెళ్ళాం.

శనివారం పొద్దున బయల్దేరి సోమవారం సాయంత్రానికి వచ్చేద్దాం. ఆ సోమవారం జర్మనీలోనే సెలవు, ప్రాగ్ ఉన్న చెక్ దేశంలో కాదు. షాపులు మామూలుగానే ఉంటాయి. నేరుగా వెళ్ళే రైల్లో సుమారు రెండున్నర గంటల ప్రయాణం. డాయిచ్‌లాండ్ టికెట్, అంటే మన లోకల్ రైళ్ళ నెల పాసు, ఈ రైల్లో చెల్లదు. ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారని ముందే చెప్తున్నా. రిజర్వేషన్ తప్పనిసరి కాదు గానీ, సెలవుల్లో అది లేకుండా ఎక్కితే తలుపు దగ్గర సూట్‌కేసు మీద కూర్చోవాల్సిందే. వెళ్ళేటప్పుడు వీలైనంతవరకు ఎడమవైపు సీట్లు తీసుకుంటున్నా. ఎల్బ నది అటే ఉంటుంది. సరిహద్దు దాటాక అదే నది పేరు లాబె అవుతుంది.

ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ప్రాగ్‌లో రైలు ముందు హోలెషోవిత్సె స్టేషన్లో ఆగుతుంది. అక్కడ దిగకూడదు. పోయినసారి "ప్రాహా" అన్న బోర్డు చూసి నేనే ముందు దూకాను, నా వెనకాల పదకొండు మంది. మిగతావాళ్ళు రైల్లోంచి చేతులూపుతూ వెళ్ళిపోయారు. మెట్రో సి లైన్లో మూడు స్టాపులే దూరం, కానీ ఆ పది నిమిషాలూ మా అత్తగారు నాతో మాట్లాడలేదు. మనం దిగాల్సింది హ్లావ్ని నాద్రాజి, అంటే మెయిన్ స్టేషన్.

కొత్త వాలంటీర్:
అన్నా, నేను ఎక్సెల్ షీట్ చేశాను. రెండున్నర రోజుల్లో 14 ప్లేసులు. ప్రాగ్ కోట శనివారం మధ్యాహ్నమే, చార్లెస్ బ్రిడ్జి దగ్గర్నుంచి నడిచి ఎక్కేస్తే అరగంట.

టికెట్ల టీమ్:
తమ్ముడూ, షీట్ బాగుంది, నీ మోకాళ్ళకు సరిపోతుంది. మా నాన్నకి ఆ రాళ్ళ బాటలో, ఆ మెట్ల మీద అరగంట కాదు, ఆ పూటంతా పడుతుంది. కోట ఎక్కొద్దు, దిగుదాం. 22 నంబరు ట్రామ్ కొండ మీదికి తీసుకెళ్ళి ప్రాజ్‌స్కి హ్రాద్ స్టాపులో దింపుతుంది. అక్కణ్ణుంచి కోటలోకి నడక తక్కువ. గేటు దగ్గర సెక్యూరిటీ చెకింగ్ ఉండొచ్చు కాబట్టి ఆదివారం 11కే చేరితే, 12 గంటలకు కాపలావాళ్ళు బ్యాండుతో మారే తంతు చూడొచ్చు. తర్వాత సెయింట్ వీటస్ కెథెడ్రల్. 1344లో మొదలుపెట్టి 1929లో పూర్తి చేశారు. మన అపార్ట్‌మెంట్ బిల్డర్ ఆలస్యం మీద ఇక ఎవరూ మాట్లాడొద్దు.

అక్కణ్ణుంచి మెల్లగా కిందికి, చార్లెస్ బ్రిడ్జి మీదికి. పిల్లలకు చెప్పడానికి మంచి కథలున్నాయి. 1357లో, తొమ్మిదో తేదీ ఏడో నెల, తెల్లవారుజామున 5:31కి చక్రవర్తి నాలుగో చార్లెస్ మొదటి రాయి వేశాడంటారు. 1357 9 7 5 31 వరసగా రాసి వెనకనుంచి చదవమనండి. సున్నంలో కలపడానికి రాజ్యమంతా కోడిగుడ్లు పంపమంటే వెల్వారి అనే ఊరివాళ్ళు దారిలో పగిలిపోతాయని ఉడకబెట్టి పంపారని ఇంకో కథ. మా నాన్నకు ఇది తెగ నచ్చుతుంది. కోటల గోడలకు బెల్లం, గుడ్డు సొన కలిపారని ఆయన చెప్పే కథలు విని విని పెరిగాం.

పాత టౌన్ గడియారం 1410 నాటిది. గంటగంటకూ కిటికీల్లో అపోస్తలుల బొమ్మలు తిరుగుతాయి, పక్కన అస్థిపంజరం గంట కొడుతుంది. నిమిషంలోపే అయిపోతుంది, ఆ నిమిషంలోనే పర్సులు పోతాయి. అందరూ తల పైకెత్తినప్పుడు ఒక్కళ్ళు బ్యాగుల వైపు చూడాలి. ఆ డ్యూటీ నీదే తమ్ముడూ.

కొత్త వాలంటీర్:
సరే అన్నా. 14 కాస్తా 5 అయ్యాయి. స్టేషన్లో మాత్రం ఒకటి కలుపుతాను. మొదటి ప్లాట్‌ఫారం మీద నికొలస్ వింటన్ విగ్రహం ఉంది. 1939లో 669 మంది పిల్లలను, ఎక్కువమంది యూదుల పిల్లలే, రైళ్ళలో ఇంగ్లండ్‌కు దాటించే పనిని నడిపినాయన. చంకలో ఒక పిల్లాడు, పక్కన ఒక పాప, ఒక పెట్టె. దిగగానే పిల్లలకు చూపిద్దాం.

టికెట్ల టీమ్:
ఇది నాకు తట్టలేదు. తప్పకుండా.

ఫుడ్ టీమ్:
రైల్లోకి పులిహోర, దద్దోజనం మేం తెస్తాం. ఊరగాయ సీసాలు వద్దు, పాకెట్లలోనే తెండి. బీఫ్ తిననివాళ్ళు గులాష్, స్విచ్‌కొవా అడగొద్దు, మామూలుగా రెండూ బీఫ్‌తోనే చేస్తారు. శాకాహారులకు వేయించిన చీజ్ దొరుకుతుంది, పేరు స్మజెని సీర్. రెండో పూటకు అదీ మొహం మొత్తుతుంది గనక ఒక ఇండియన్ హోటల్‌కు ఫోన్ చేస్తున్నాం.

పేపర్ల టీమ్:
ఒరిజినల్ పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు అందరి దగ్గరా ఉండాలి, ఫోన్లో ఫొటో చాలదు. తిరుగు ప్రయాణంలో జర్మన్ పోలీసులు రైల్లోనే అడగొచ్చు. అమ్మానాన్నల పాస్‌పోర్టులు హోటల్లో వదిలి రావొద్దు. అక్కడ యూరో కాదు, కొరునా. కార్డు మెషీన్ యూరోల్లో తీసుకోనా అని అడిగితే కొరునాయే నొక్కండి. రోడ్డు మీద డబ్బు మార్చేవాళ్ళ జోలికి పోవద్దు. కౌంటర్లో మార్చి మోసపోయామనిపిస్తే, 1000 యూరోల లోపు మొత్తమైతే మూడు గంటల్లోగా రసీదుతో వెళ్ళి రద్దు చేయమనొచ్చు, అక్కడి చట్టమే అది.

టికెట్ల టీమ్:
డబ్బులు శుక్రవారంలోగా వేసేయండి, లేకపోతే సీట్లు ఒక్కచోట దొరకవు. స్ట్రోలర్ల వాళ్ళు నలుగురూ వినండి, ఆ రాళ్ళ మీద చక్రాలు పోవు. బేబీ క్యారియర్ ఎవరి దగ్గరైనా ఉందా?

ఫుడ్ టీమ్:
మా దగ్గర రెండున్నాయి. ఒకటి మా మామగారు తనే వేసుకుంటానని అప్పుడే ఇంట్లో ప్రాక్టీస్ మొదలుపెట్టారు.