లాస్ ఏంజెలెస్‌లో నాన్నగారికి మంచి సుషీ ఎక్కడ తినిపించాలి?

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో మా నాన్నగారు తొలిసారి లాస్ ఏంజెలెస్ వస్తున్నారు. భీమవరంలో పుట్టి పెరిగిన మనిషి. మొప్ప ఎత్తి చూసి చేప ఎంత తాజాదో చెప్పేస్తారు. ఆయనకు అసలైన సుషీ (అన్నంతో, తరచూ పచ్చి చేపతో చేసే జపాన్ వంటకం) రుచి చూపించాలని నా కోరిక.

అమెరికాలో తొలి సుషీ బార్ 1960లలో ఇక్కడి జపనీయుల పేట లిటిల్ టోక్యోలోనే, కవాఫుకు రెస్టారెంట్‌లో మొదలైందని చెబుతారు. ఇన్నేళ్లయినా జనానికి మోజు తగ్గలేదు. ఇప్పుడు సూపర్‌మార్కెట్‌లో కూడా సుషీ డబ్బాలు అమ్ముతున్నారు. అందుకే మంచిది ఎంచుకోవడం కష్టమైపోయింది.

పోయిన వారం మా ఇంటి దగ్గర ఒకచోట తిని చూశాను. చేప బాగానే ఉంది. అన్నం మాత్రం ఫ్రిజ్‌లోంచి తీసినట్టు చల్లగా, గట్టిగా ఉంది, పులుపన్నదే లేదు. వెనిగర్ కలిపిన ఆ అన్నమే కదా సుషీకి ప్రాణం! గోరువెచ్చగా ఉండి, నోట్లో పెట్టగానే విడిపోవాలి.

ఎంపికంతా వంటవారికే వదిలేసే ఒమకాసే తొలిసారి తినేవారికి తగునా, లేక విడివిడిగా నిగిరి (చిన్న అన్నం ముద్ద మీద చేప ముక్క) చెప్పుకోవడం మేలా? పచ్చి చేపంటే నాన్నగారు వెనకాడుతున్నారు. పరాన్నజీవులు చావడానికి చాలా రకాల చేపలను ముందే గడ్డకట్టిస్తారని చెప్పాను, అయినా బెరుకు పోలేదు. ఉడికించిన రొయ్యతోనో, కాల్చి తీపి సాస్ పూసిన ఉనాగి (పాములా పొడవుగా ఉండే ఈల్ చేప)తోనో మొదలుపెట్టమంటారా? ముగ్గురం వెళతాం, 150 డాలర్ల వరకు పెట్టగలను. అన్నం బాగుండే చోటు తెలిస్తే దయచేసి చెప్పండి.