‘కరెంటుకు గడ్డ మొండికేసింది’: కరపత్రంలో ఏం రాద్దాం?

పరకాల నుంచి:
కేన్సర్ గడ్డకు ఇచ్చే రేడియేషన్‌ను మన దిక్కు ‘కరెంటు పెట్టుడు’ అంటరు. గడ్డ కరగకుంటే ‘మొండికేసింది’ అంటరు. పుస్తకాల్లనేమో ‘వికిరణ నిరోధకత’ అని ఉంది. ఏది పెట్టాలె?

హనుమకొండ నుంచి:
‘నిరోధకత’ వద్దన్నా. ‘రోగనిరోధక శక్తి’ అందరికీ తెలిసిన మాట. ఒంట్లో శక్తి పెరిగింది, మంచిదే అనుకుంటరు. ‘మొండి’ నయం. కాకుంటే ఏ మొండో చెప్పాలె.

ఒకటి అతుకు మొండి. కిరణం డీఎన్‌ఏ రెండు పోగులనూ తెంపుతది. ఏటీఎం అనే ప్రోటీన్ అది పసిగట్టి చెక్‌2, పీ53 అనే ఇంకో రెండు ప్రోటీన్లను లేపుతది. అప్పుడు కణం విభజన ఆపి అతుకు వేసుకోవాలె, లేకుంటే చావాలె. పీ53 చెడితే ఆ చావు కబురు సరిగ అందదు. నోటి, గొంతు గడ్డల్లో చాలావాటికి కణాల పొర మీద ఈజీఎఫ్‌ఆర్ అనే, కబురందుకునే ప్రోటీన్ ఎక్కువ. దాని నుంచి కణం లోపలి పీఐ3కే, ఏకేటీ అనే ఎంజైముల దాకా ‘బతుకు’ అనే కబురు నడుస్తనే ఉంటది. తెగిన కొసలను డీఎన్‌ఏ-పీకే అనే ఎంజైము అతికేస్తది, కణం బతికిపోతది.

ఇంకోటి ఊపిరాడని మొండి. గడ్డ నడిమికి రక్తం చాలదు. ఆక్సిజన్ ఉంటేనే తెగిన గాయం ఖాయమైతది. ఆక్సిజన్ అసలే లేని కణాన్ని చంపాల్నంటే రెండున్నర నుంచి మూడు రెట్ల డోసు కావాలె.

జనగామ నుంచి:
కణంలో ఒక ప్రోటీన్ నుంచి ఇంకోదానికి కబురు పోయే సిగ్నలింగ్ పాత్‌వేకు ‘సంకేత మార్గం’ కంటె నీ ‘కబురు’ మాటే బాగుంది, ‘కబురు వరుస’ అందాం. మరి డోసు పెంచితే అయిపోదా తమ్మీ?

హనుమకొండ నుంచి:
కాదక్కా. తల, మెడ గడ్డలకు మామూలుగ రోజుకు 2 గ్రే (రేడియేషన్ డోసు కొలత), వారానికి 5 రోజులు, మొత్తం 66–70 గ్రే. పక్కనే వెన్నుపాము, దానికి 45–50 గ్రే దాటనియ్యరు. అందుకే సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కలుపుతరు, వారానికోసారైతే ఒంటి వైశాల్యం చదరపు మీటరుకు 40 మిల్లీగ్రాములు. ఈజీఎఫ్‌ఆర్‌ను మూసే సెటుక్సిమాబ్ అనే మందుకు రేడియేషన్‌తో కలిపి వాడేందుకు 2006లో అమెరికా అనుమతిచ్చింది. సిస్‌ప్లాటిన్ తట్టుకునేటోళ్లకు మాత్రం అది బదులు కాదు.

పరకాల నుంచి:
నడుమ వారం ఎగ్గొడితే?

హనుమకొండ నుంచి:
అది మొండితనం కాదు, ‘మళ్ల మొలుచుడు’. మూడు, నాలుగు వారాలు దాటినంక మిగిలిన కణాలు జోరు మీద పెరుగుతయి. అప్పుడు ఎగ్గొట్టిన ప్రతి రోజూ నష్టమే. ఇది విడిగ రాయి. బీడీ సంగతీ రాయి: దాని పొగల కార్బన్ మోనాక్సైడ్ హీమోగ్లోబిన్‌ను పట్టుకుంటది, గడ్డకు ఆక్సిజన్ ఇంకింత తగ్గుతది. ‘కరెంటు’ అట్లనే ఉంచు, పక్కన ‘షాకు కాదు, ఎక్స్‌రే కిరణాలు’ అని చేర్చు.