మధ్యయుగ యూరప్‌లో స్త్రీలు శస్త్రచికిత్స చేసేవారా?

ప్రశ్న (అమలాపురం నుంచి):
వంతెనలు లేని రోజుల్లో, గోదావరికి వరదొచ్చి రేవులో పడవలు కట్టేస్తే, మా లంకల్లో పురుళ్లన్నీ మంత్రసానుల చేతుల మీదుగానే జరిగేవని పెద్దలు చెబుతారు. మధ్యయుగ యూరప్‌లోనూ స్త్రీల వైద్యం పురుళ్లతోనే ఆగిపోయిందా, లేక ప్రభుత్వ అనుమతితో శస్త్రచికిత్స చేసినవారు కూడా ఉన్నారా? కాకినాడలో ఎంబీబీఎస్ చదువుతున్న మా అమ్మాయి అడిగింది. తెలిసినవారు వివరించగలరు.

జవాబు (పాలకొల్లు నుంచి):
ఉన్నారండీ. ఇటలీలోని సలెర్నోలో 12వ శతాబ్దంలో త్రోతా అనే వైద్యురాలు ఉండేవారు. ఆమె చికిత్సల ఆధారంగా వచ్చిన లాటిన్ గ్రంథం, మరో రెండింటితో కలిసి, ‘త్రోతులా’ పేరిట యూరప్ అంతటా ప్రచారమైంది. కాన్పులో యోనికీ మలద్వారానికీ మధ్య భాగం చిరిగిపోతే, దాన్ని మూడు నాలుగు చోట్ల పట్టుదారంతో కుట్టి, కాళ్లు ఎత్తులో ఉండేలా బాలింతను ఎనిమిది తొమ్మిది రోజులు మంచం మీదే ఉంచాలని అందులో ఉంది. ఎవరో చెప్పగా విని రాసింది కాదు, చేసిన చేతికే తెలిసే పని ఇది అని నా నమ్మకం. అటువంటి గ్రంథాన్ని 1566లో అచ్చువేసినవారు ఒక పురుషుడి పేరు మీద వేయడం నాకు నేటికీ బాధ కలిగిస్తుంది.

జవాబు (రాజమహేంద్రవరం నుంచి, చరిత్ర అధ్యాపకుడు):
అనుమతి సంగతి నేను చెబుతాను. 1321లో నేపుల్స్ రాజ్యంలో, సలెర్నోకు చెందిన ఫ్రాంచెస్కా అనే ఆమెను రాజవైద్యులు పరీక్షించి సమర్థురాలని తేల్చిన మీదట, శస్త్రచికిత్స చేయడానికి ఆమెకు అనుమతిపత్రం ఇచ్చారు. రోగి స్త్రీ అయినప్పుడు మరో స్త్రీ వైద్యం చేయడమే మర్యాదకు తగినదని ఆ పత్రంలోనే రాశారు. సరిగ్గా మరుసటి ఏడాది, 1322లో, పారిస్ విశ్వవిద్యాలయ వైద్యాచార్యులు జకోబా ఫెలిసీ అనే వైద్యురాలిపై అభియోగం మోపారు. ఆమె నాడి చూసి, మూత్రం పరీక్షించి, నయం చేసిందని రోగులే వచ్చి సాక్ష్యం చెప్పారు. మగవైద్యుడికి తమ రహస్యాలు చెప్పుకోలేక ప్రాణాలు పోగొట్టుకుంటున్న స్త్రీలున్నారని, అందుకైనా వైద్యురాలు అవసరమని ఆమె వాదించింది. నేపుల్స్‌లో అనుమతికి కారణమైన మాట పారిస్‌లో చెల్లలేదు. చర్చి నుంచి వెలివేసి, 60 లీవ్రల జరిమానా విధించారు. ఆమె వైద్యం వికటించిందని కాదు, అనుమతి లేకుండా చేసిందనే శిక్ష.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మరి పారిస్‌లో ఆమె అనుమతి తీసుకోలేకపోయిందా?

జవాబు (రాజమహేంద్రవరం నుంచి):
తీసుకునే దారే లేదండీ. అక్కడ అర్హత అంటే విశ్వవిద్యాలయ పట్టా, అందులో స్త్రీలకు ప్రవేశం లేదు. నేపుల్స్‌లో మాత్రం పట్టా లేకపోయినా, రాజవైద్యుల ఎదుట పరీక్షకు నిలబడి పనితనం చూపించే అవకాశం ఉండేది. అందుకే అక్కడి రాజపత్రాల్లో ఫ్రాంచెస్కాతో పాటు మరికొందరు శస్త్రవైద్యురాళ్ల పేర్లు కనిపిస్తాయి. మీ అమ్మాయికి ఈ రెండు పేర్లూ, రెండు సంవత్సరాలూ పక్కపక్కన రాసి చూపించండి.