టెంపరేచర్ చూసుకుంటే ఓవులేషన్ ముందే తెలుస్తుందా?

నైట్‌షిఫ్ట్ పిల్ల:
హాయ్ అండీ, పిల్లల కోసం ట్రై చేస్తున్నాం. నాకు పీరియడ్స్ ఒక నెల 31 రోజులకి వస్తే ఇంకో నెల 35 దాకా లాగుతాయి, యాప్ ఏమో ఎప్పుడూ 14వ రోజే ఓవులేషన్ (అండం విడుదల) అంటుంది. పొద్దున్నే టెంపరేచర్ చూసుకుంటే కరెక్ట్‌గా తెలుస్తుందంటే థర్మామీటర్ కొన్నా, అది ఒకరోజు 97.1, మర్నాడు 97.6, మళ్లీ 97.2 చూపిస్తోంది, ఏది నమ్మాలో అర్థం కావట్లే. మధ్యమధ్యలో నైట్ షిఫ్ట్‌లు కూడా. చార్ట్ వేసినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్

గుంటూరు అక్క:
టెంపరేచర్ ముందే చెప్పదమ్మా, అయిపోయాక చెప్తుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పెరిగి ఒళ్లు కొంచెం వేడెక్కుతుంది, ఎంతా, ఇంచుమించు అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ ఫారెన్‌హీట్. అందుకే ఒక్కరోజు 97.6 వచ్చిందని లెక్కలోకి తీసుకోకు, అంతకుముందు ఆరు రోజుల రీడింగులన్నిటికన్నా పైన వరసగా మూడు రోజులు నిలబడితేనే ఓవులేషన్ అయినట్టు. కానీ అండం ఉండేది 12 నుంచి 24 గంటలే కాబట్టి గ్రాఫ్ పైకి లేచాక హడావిడి పడితే ఆ నెల పోయినట్టే. వీర్యకణాలు లోపల 5 రోజుల దాకా బతుకుతాయి, అసలు పనికొచ్చేవి ముందు రోజులే. వైట్ డిశ్చార్జ్ గమనించుకో, పచ్చి గుడ్డు తెల్లసొనలా జారుడుగా, వేళ్ల మధ్య సాగుతుంటే అవే ఆ రోజులు. ఇక ఆ 14వ రోజు లెక్క 28 రోజుల సైకిల్ వాళ్లకి, నీకైతే 17 నుంచి 22 మధ్య ఎప్పుడైనా అవ్వొచ్చు

కాకినాడ కోడలు:
రీడింగ్ ఎలా తీస్తున్నారు? కళ్లు తెరవగానే, మంచం దిగకముందే, నీళ్లు కూడా తాగకుండా నాలుక కింద పెట్టాలి. అంతకుముందు కనీసం మూడు గంటలు ఏకధాటిగా నిద్ర పట్టి ఉండాలి. జ్వరం, సరిగా నిద్రలేని రోజు, షిఫ్ట్ మారిన రోజు రీడింగ్ పక్కన ఇంటూ మార్క్ పెట్టేయండి. మామూలు జ్వరం థర్మామీటర్ కన్నా పాయింట్ తర్వాత రెండంకెలు చూపించేది బెటర్, 97.45 అలా

నైట్‌షిఫ్ట్ పిల్ల:
ఓహ్, నేను బ్రష్ చేసి కాఫీ పెట్టుకుంటూ చూస్తున్నా 😅 అయితే నా షిఫ్ట్‌లతో చార్ట్ దండగేనా అక్కా?

గుంటూరు అక్క:
మొత్తం దండగ కాదులే, రెండు మూడు నెలలు రాస్తే నీకు సైకిల్‌లో ఎప్పుడు అవుతోందో ఒక అంచనా వస్తుంది. ముందే తెలియాలంటే మెడికల్ షాప్‌లో ఎల్‌హెచ్ స్ట్రిప్స్ అడుగు, అండం విడుదలకి ముందు పెరిగే హార్మోన్‌ని యూరిన్‌లో చూపించే టెస్ట్ అవి, గీత ముదురుగా వచ్చాక సుమారు ఒకటి ఒకటిన్నర రోజులో అండం విడుదలవుతుంది. ఆ గీత కోసం కూడా కూర్చోకు, డిశ్చార్జ్ మొదలైనప్పట్నుంచి రోజు విడిచి రోజు కలిస్తే చాలు

చార్ట్‌లు చూసే మనిషి:
పీసీఓడీ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉంటే మాత్రం ఆ స్ట్రిప్స్ ఊరికే పాజిటివ్ చూపిస్తాయి జాగ్రత్త. చార్ట్ నెల పొడుగునా లేవకుండా ఒకే తీరులో ఉన్నా డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఫాలిక్యులర్ స్కాన్ చేసి అండం పెరుగుతోందో లేదో చూస్తారు, థైరాయిడ్ కూడా చెక్ చేయిస్తారు. వయసు 35 దాటితే ఆరు నెలలు, లోపైతే ఏడాది ట్రై చేశాక వెళ్లమంటారు గానీ డేట్లు బాగా అటూ ఇటూ అయ్యేవాళ్లు అంతదాకా ఆగక్కర్లేదు. వెళ్లేటప్పుడు మీ ఆయన్ని కూడా తీసుకెళ్లండి, సెమెన్ (వీర్యం) టెస్ట్ మొదట్లోనే అయిపోతే మంచిది, మన దగ్గర ఆడవాళ్లకే అన్ని టెస్టులూ చేయించి చివర్లో గుర్తొస్తుంది అది