ఉమ్మడి రస్తాలో గేటు పెట్టి కారు ఆపుతున్నారు, పర్మిషన్ కాగితం రాసివ్వమంటున్నారు. ఏం చేయాలి?

బ్రాడీపేట నుంచి:
గుంటూరు బ్రాడీపేటలో మాది పాత ఇల్లు. 1987లో తాతగారు, చిన్నతాతగారు రిజిస్టర్డ్ దస్తావేజుతో పంచుకున్నారు. వీధివైపు భాగం చిన్నతాతగారికి, వెనక భాగం మాకు. తూర్పు పక్కన ఎనిమిదడుగుల రస్తా. కడప బండలు పరిచి ఉంటుంది, రెండిళ్ల మురుగు పైపూ వాటి కిందే పోతుంది. పోయిన ఏడాది చిన్నతాతగారి పిల్లలు ముందు భాగం బయటివాళ్లకి అమ్మారు. కొన్నాయన రస్తా మొదట్లో ఇనుప గేటు బిగించి, లోపల కారు పెడుతున్నారు. కారు పక్కన మనిషి ఒత్తిగిలి వెళ్లేంత సందే మిగులుతోంది.

నాన్నగారికి పక్షవాతం. వీల్‌ఛైర్ పట్టదు. మొన్న ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలంటే నేనూ తమ్ముడూ కుర్చీతో సహా ఆయన్ని తల ఎత్తున లేపి, కారు అద్దం తగలకుండా దాటించాం. ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

అడిగితే, "స్థలమంతా నాదే. నా పర్మిషన్‌తో నడుస్తున్నట్టు కాగితం రాసివ్వండి, కారు తీసి గేటు తాళం ఒకటి ఇస్తా" అంటున్నారు. నాన్నగారి కోసం సంతకం పెట్టేద్దాం అంటోంది అమ్మ. ఇరవై ఏళ్లు నడిస్తే దారి హక్కు వస్తుందంటారు కదా, అది చాలదా?

పాత దస్తావేజు రైటర్:
బాబూ, ఆ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. అమ్మగారికి నా మాటగా చెప్పండి. పర్మిషన్‌తో నడుస్తున్నాం అని మీరే రాసిస్తే, రేపు ఆయన పర్మిషన్ రద్దు చేశానంటారు. చేతిలో ఉన్న హక్కును మీరే దయాదాక్షిణ్యాల కింద మార్చుకున్నట్టవుతుంది.

ముందు 1987 దస్తావేజు తీసి మీ షెడ్యూలులో, అంటే ఆస్తి వివరాలు రాసిన భాగంలో, హద్దులు చదవండి. తూర్పున "ఉమ్మడి రస్తా" అని ఉంటే ఒక సంగతి, "ఫలానావారి స్థలంలో నడిచే హక్కు" అని ఉంటే ఇంకో సంగతి. మొదటిదైతే ఆ రస్తా మీకూ సొంతమే, మీరు సహ యజమానులు. సొంత జాగాలో నడవడానికి ఇరవై ఏళ్ల లెక్కతో పనేముంది? రెండోదైతే అది దస్తావేజు ఇచ్చిన ఈజ్‌మెంట్, అంటే ఒకరి స్థలాన్ని వాడుకునే హక్కు. రెంటిలో ఏదైనా, చిన్నతాతగారి పిల్లలు తమకున్నదే అమ్మగలరు గానీ మీ వాటా అమ్మలేరు. దస్తావేజు వెనక ప్లాన్ కుట్టి ఉంటే రస్తా కొలతలు అందులో దొరుకుతాయి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఆయన సేల్ డీడ్ నకలు కూడా తీయించండి. ఆయన హద్దుల్లో ఏముందో చూస్తే సగం గొడవ అక్కడే తేలిపోతుంది.

బెజవాడ అడ్వకేటు:
పెద్దాయన చెప్పింది నిజం. ఇరవై ఏళ్ల మాట 1882 ఈజ్‌మెంట్స్ చట్టం సెక్షన్ 15లోది. ఎవరి పర్మిషనూ లేకుండా, బహిరంగంగా, హక్కుగా నడిచి ఉండాలి. అడ్డు పెట్టిన సంగతి తెలిసి కూడా ఏడాదిపాటు ఊరుకుంటే దారికి అంతరాయం కలిగినట్టే లెక్క, పైగా ఆ ఇరవై ఏళ్ల వాడకం దావా వేయడానికి ముందు రెండేళ్లలోపు ముగిసినదై ఉండాలి. అందుకే మీకు దస్తావేజు ఉన్నా ఆలస్యం చేయొద్దు. లాయరు నోటీసు వెంటనే పంపండి.

దావా వేస్తే గేటు, కారు తీయించడానికి మాండేటరీ ఇంజంక్షన్, అంటే అడ్డు తీసేయమనే కోర్టు ఆర్డరు, అడగాలి. స్థలం చూసి రావడానికి కోర్టు తరఫున ఒక లాయరుని, అంటే అడ్వకేట్ కమిషనర్ని, వేయమని అర్జీ పెట్టండి. ఆయన వచ్చి టేపుతో కొలిచి, ఫొటోలతో రిపోర్టు ఇస్తారు. బండల కింద ఉమ్మడి పైపు సంగతి అందులో తప్పక రాయించండి. కోపంలో మీరే గేటు పీకితే మాత్రం కేసు మీ మీదకి తిరుగుతుంది.

పటమట నుంచి:
నాదీ ఇలాంటి గొడవే, మా వీధిలో. నోటీసు ఇచ్చాక జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ అర్జీ, అంటే దావా వేయకముందే రాజీ కోసం అర్జీ, పెట్టాం. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది. ఆ రాజీ మీద ఇచ్చే ఉత్తర్వుని అవార్డు అంటారు, అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అందుకే అవార్డులో ప్రతి మాటా సరిచూసుకోండి. దారి వెడల్పు ఎంత, గేటుకి తాళం ఉంటుందా ఉండదా, పైపు రిపేరు ఖర్చు ఎవరిది, అన్నీ రాయించండి. ఎంతైనా రోజూ మొహాలు చూసుకోవాల్సినవాళ్లు కదా. అవతలాయన అసలు రానంటే మాత్రం దావాయే.

బ్రాడీపేట నుంచి:
అందరికీ నమస్కారం. దస్తావేజు బీరువాలో దొరికింది. మా తూర్పు హద్దు "ఉభయులకు ఉమ్మడి రస్తా", ప్లాన్‌లో 8 అడుగులు. ఆయన సేల్ డీడ్ నకలు తీయిస్తే దాని తూర్పు హద్దూ ఉమ్మడి రస్తాయే! అమ్మ ఇక సంతకం మాట ఎత్తడం లేదు. నోటీసు తయారవుతోంది, రెండు దస్తావేజుల కాపీలు దానికే జతచేస్తున్నాం. రాజీకి వస్తే లోక్ అదాలత్‌కి వెళ్తాం, కానీ వీల్‌ఛైర్ తిరిగేలా రస్తా ఖాళీగా ఉండాలన్న దగ్గర మాత్రం తగ్గం.