మొదటి కస్టమ్ లూప్: సీపీయూ ఒక్కటే చాలా, జీపీయూ కూడా కలపాలా?

కొత్త_బిల్డర్:
అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ సీపీయూకి 360 ఏఐఓ (రెడీమేడ్‌గా వచ్చే వాటర్ కూలర్) వాడాను, ఇప్పుడు ఫస్ట్ టైమ్ కస్టమ్ లూప్, అంటే విడి భాగాలతో సొంతంగా కట్టుకునే వాటర్ కూలింగ్ చేద్దామనుకుంటున్నా. సీపీయూ రైజెన్ 7950ఎక్స్, గ్రాఫిక్స్ కార్డ్ ఆర్‌టీఎక్స్ 4090. ముందు సీపీయూ బ్లాక్ (చిప్ మీద కూర్చుని వేడిని నీళ్లకి ఇచ్చే మెటల్ ముక్క) ఒక్కటే పెట్టి, ఒక 360 రేడియేటర్, పంప్ రిజర్వాయర్ కలిసొచ్చే కాంబో, హార్డ్ ట్యూబ్‌తో లూప్ కట్టేసి, కాస్త చెయ్యి తిరిగాక కార్డ్ సంగతి చూద్దామని ప్లాన్. కార్డ్ విప్పాలంటే భయంగా ఉంది, నిజం చెప్తున్నా. మా ఫ్రెండేమో సీపీయూ వరకే అయితే అసలు దండగ అంటున్నాడు. ఇంకా ఏమీ కొనలేదు, మీరేమంటారు?

రాగి_రేడియేటర్:
మీ ఫ్రెండ్ చెప్పిందే కరెక్ట్ బ్రో. 7950ఎక్స్ మీద ఏఐఓ తీసేసి కస్టమ్ బ్లాక్ పెట్టినా టెంపరేచర్ పెద్దగా దిగదు, ఎందుకంటే అక్కడ అడ్డం నీళ్ల దగ్గర లేదు. కోర్లు ఉండే చిప్లెట్లు (చిన్న సిలికాన్ ముక్కలు) ఒక్కోటీ సుమారు 70 చదరపు మిల్లీమీటర్లు, సాకెట్ పవర్ లిమిట్ చూస్తే 230 వాట్లు, ఆ వేడంతా అంత చిన్న జాగాలోంచి సోల్డర్ దాటి, పైనున్న మందపాటి మెటల్ మూత దాటి, పేస్ట్ దాటి అప్పుడు గానీ బ్లాక్‌కి చేరదు. పైగా ఆ ప్రాసెసర్‌ని చేసిందే ఫుల్ లోడ్‌లో 95 డిగ్రీల దాకా వెళ్లి అక్కడ ఎంత క్లాక్ వస్తే అంత లాక్కునేలా. నువ్వు రేడియేటర్లు పెంచుకుంటూ పోయినా రెండరింగ్‌లో 95 దగ్గరే కనిపించొచ్చు, క్లాక్ ఏదో కొంచెం పెరుగుతుంది అంతే.

4090 అలా కాదు. 450 వాట్లు, డై, అంటే చిప్ సిలికాన్ ముక్క, 600 చదరపు మిల్లీమీటర్ల పైనే, మీద మూత కూడా లేదు, బ్లాక్ నేరుగా సిలికాన్ మీద కూర్చుంటుంది. గేమ్ ఆడేటప్పుడు కేసులో ఎక్కువ వేడి వదిలేదీ, ఎక్కువ చప్పుడు చేసేదీ కార్డే. నీళ్లు ఉండాల్సింది వేడి ఉన్న చోట.

నెమ్మది_ఫ్యాన్:
నేను ఒప్పుకోను. థియరీ అంతా బాగానే ఉంది గానీ అడిగినాయన ఫస్ట్ టైమ్ చేస్తున్నారు. జీపీయూ బ్లాక్ అనేది ఒక్క పీసీబీ (సర్క్యూట్ బోర్డ్) డిజైన్‌కే సరిపోతుంది, అదే 4090 వేరే కంపెనీదైతే కూర్చోదు, రేపు కార్డ్ మారిస్తే ఆ బ్లాక్ మూల పడాల్సిందే. సీపీయూ బ్లాక్ అలా కాదు, మౌంట్ మార్చుకుంటే చాలాసార్లు సాకెట్ మారినా పనికొస్తుంది, పాత ఏఎం4 సాకెట్ బ్లాకులు ఎన్నో కొత్త ఏఎం5 సాకెట్ మీద అలాగే కూర్చున్నాయి. ఇక వారంటీ. కూలర్ విప్పితే ఒప్పుకునే కంపెనీలు ఉన్నాయి, ఒప్పుకోనివీ ఉన్నాయి, ఆ షరతులు చదవకుండా ఎవరూ ‘విప్పెయ్ బ్రో’ అనకూడదు. 4090కి కంపెనీ ఇచ్చే ఎయిర్ కూలర్లే ఇటుకంత ఉంటాయి, వాటితో ఆ కార్డ్ ఏమీ కాలిపోవట్లేదు. ముందు సీపీయూ మీద చెయ్యి సాధన చేసుకోనివ్వండి.

ట్యూబ్_కత్తెర:
ఇద్దరూ బ్లాకుల గురించే కొట్టుకుంటున్నారు, లిస్టులో అసలు తేడా అక్కడ లేదు. ఒకే 360 అన్నారు కదా, అదే నాకు నచ్చలేదు. నెమ్మదిగా తిరిగే ఫ్యాన్లతో రేడియేటర్‌లో ఒక్కో 120 ఎంఎం భాగానికి (360లో అవి మూడు) ఓ 100 వాట్లు అని లెక్కేసుకోవడం మామూలు. సీపీయూ, కార్డ్ రెండూ ఫుల్‌గా లాగితే 680 వాట్లు, అంటే ఏడు భాగాలు కావాలి. రెండూ ఒకేసారి పూర్తిగా లాగే పని అరుదు కాబట్టి రెండు 360లు చాలు. ఇవాళ సీపీయూ ఒక్కటే పెట్టినా సరే రేడియేటర్లు మాత్రం రెండూ ఇప్పుడే పెట్టండి, తర్వాత కేసంతా మళ్లీ విప్పే పని తప్పుతుంది.

రెండోది, హార్డ్ ట్యూబ్ ఇప్పుడొద్దు. జీపీయూ తర్వాత కలుపుతానంటున్నారు, అంటే సగం ట్యూబులు మళ్లీ కొత్తగా వంచుకోవాలి. పైగా హార్డ్ ట్యూబ్‌కి వాడే పీఈటీజీ ప్లాస్టిక్ వేడికి మెత్తబడుతుంది, పంప్ ఆగిపోయి నీళ్లు 60 దాటాయంటే ఫిట్టింగ్‌లోంచి జారే ప్రమాదం ఉంది. నల్లటి ఈపీడీఎం రబ్బర్ ట్యూబ్ 10/16 (లోపల 10, బయట 16 ఎంఎం) తీసుకోండి. క్లియర్ పీవీసీ అయితే కొన్నాళ్లకి దాన్ని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ వదిలి మసకబారుతుంది, ఆ జిగురంతా పోయి బ్లాక్ ఫిన్స్‌లో పట్టేస్తుంది.

ఇంకోటి, అల్యూమినియం లూప్ దరిదాపుల్లోకి రాకూడదు. రాగి, ఇత్తడి, నికెల్ ప్లేటింగ్ ఉన్నవే. పాత ఏఐఓ రేడియేటర్ ఉంది కదా వాడేద్దాం అనిపిస్తుంది, అవి చాలావరకు అల్యూమినియమే, రాగి బ్లాక్‌తో ఒకే లూప్‌లో కలిస్తే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది.

కొత్త_బిల్డర్:
పాత రేడియేటర్ వాడదామనే అనుకున్నాను, మంచి టైమ్‌లో చెప్పారు, థాంక్స్. ఒక డౌట్, రెండూ ఒకే లూప్‌లో ఉంటే సీపీయూ దాటి వేడెక్కిన నీళ్లు కార్డ్‌కి వెళ్తాయి కదా, మధ్యలో ఒక రేడియేటర్ పెట్టాలా? పంపుల్లో డీ5 రకం మంచిదా డీడీసీ రకమా?

రాగి_రేడియేటర్:
అక్కర్లేదు, లెక్క చూడు. నిమిషానికి 4 లీటర్లు తిరుగుతున్నాయనుకో, 450 వాట్ల కార్డ్ దాటితే నీళ్లు వేడెక్కేది 1.6 డిగ్రీలు, 230 వాట్ల సీపీయూ దాటితే డిగ్రీ కూడా లేదు. కాసేపటికి లూప్ మొత్తం ఇంచుమించు ఒకే టెంపరేచర్‌కి వచ్చేస్తుంది. అందుకని ట్యూబ్ ఎటు తక్కువ పడితే, ఎటు నీట్‌గా వెళ్తే అటు కట్టెయ్. ఆర్డర్ పట్టించుకోవాల్సింది ఒక్కచోటే, రిజర్వాయర్‌లోంచి నీళ్లు నేరుగా పంప్‌లోకి దిగాలి, పంప్ ఎప్పుడూ పొడిగా తిరగకూడదు.

డీ5 తీసుకో. డీడీసీకి ప్రెజర్ ఎక్కువే గానీ వేడెక్కుతుంది, హీట్‌సింక్ చూసుకోవాలి. రెండు బ్లాకులు రెండు రేడియేటర్లకి డీ5 హాయిగా సరిపోతుంది, పీడబ్ల్యూఎం మోడలైతే స్పీడ్ తగ్గించుకోవచ్చు.

కార్డ్ విప్పడం గురించి భయపడ్డావు కాబట్టి చెప్తున్నా. ముందు ఒక పది నిమిషాలు ఏదైనా గేమ్ నడిపి ఆపెయ్, పేస్ట్ మెత్తబడి కూలర్ తేలిగ్గా వస్తుంది. స్క్రూలు తీశాక కూలర్‌ని ఒక్కసారిగా పైకి లాగొద్దు, మెల్లగా అటూ ఇటూ కదిపి ఓ వేలెడు ఎత్తి ఆగు, ఫ్యాన్ వైర్లు ఇంకా బోర్డ్‌కి తగులుకునే ఉంటాయి, ముందు అవి ఊడదియ్యాలి. మెమరీ మీదుండే థర్మల్ ప్యాడ్లూ వీఆర్‌ఎం (కార్డ్‌కి పవర్ సర్దే భాగాలు) ప్యాడ్లూ ఒకే మందం ఉండకపోవచ్చు, బ్లాక్‌తో వచ్చిన మాన్యువల్‌లో ఎక్కడ ఎంతో రాసుంటుంది, అది తప్పితే బ్లాక్ డై మీద సరిగ్గా కూర్చోదు.

నెమ్మది_ఫ్యాన్:
ఇంత వివరంగా చెప్తే నాకూ అభ్యంతరం తగ్గుతుంది, కానీ వారంటీ మాట మాత్రం వెనక్కి తీసుకోను. కొత్త_బిల్డర్ గారూ, కార్డ్ కంపెనీ షరతులు చదవండి, బ్లాక్ కంపెనీ కంపాటిబిలిటీ లిస్ట్‌లో మీ కార్డ్ పూర్తి మోడల్ పేరు ఉందో లేదో చూడండి. ఈ రెంటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా సీపీయూతో ఆగిపోండి, అందులో నామోషీ ఏమీ లేదు.

చప్పుడు నాకు ముఖ్యం కాబట్టి ఇంకో మాట. నీళ్ల టెంపరేచర్ సెన్సార్ ఒకటి లూప్‌లో పెట్టండి, 10కే (10 కిలో ఓమ్) రకం అయితే దాని కోసం హెడర్ (పిన్ల కనెక్టర్) ఉన్న మదర్‌బోర్డుకి పనికొస్తుంది. ఫ్యాన్ల స్పీడ్‌ని దానికే కట్టండి, సీపీయూ టెంపరేచర్‌కి కడితే ఏదైనా ఓపెన్ చేసిన ప్రతిసారీ ఫ్యాన్లు గొంతు పెంచుతాయి. నీళ్లు నిదానంగా వేడెక్కుతాయి కాబట్టి ఫ్యాన్లూ నిదానంగానే ఉంటాయి. గదిలో గాలి కంటే నీళ్లు ఓ పది డిగ్రీలు ఎక్కువ ఉన్నా నిశ్చింతగా ఉండొచ్చు.

కొత్త_బిల్డర్:
సరే, రెండు 360లు, డీ5, ఈపీడీఎం ట్యూబ్ ఫిక్స్. నా కార్డ్ మోడల్ బ్లాక్ లిస్ట్‌లో ఉంది, వారంటీ గురించి కంపెనీకి మెయిల్ పెట్టాను, సరే అంటే రెండూ ఒకేసారి, కాదంటే సీపీయూ వరకే. లిక్విడ్ ఏది పొయ్యాలి? పాలలా తెల్లగా ఉండేది చూడ్డానికి చాలా బాగుంది.

ట్యూబ్_కత్తెర:
అది వద్దు. ఆ రంగు ఇచ్చే రేణువులు కొన్నాళ్లకి అడుగున పేరుకుని బ్లాక్ ఫిన్స్‌లో ఇరుక్కుంటాయి. క్లియర్ ప్రీమిక్స్ (ముందే కలిపి రెడీగా వచ్చే లిక్విడ్) పొయ్యండి, తుప్పు పట్టకుండా, నాచు పట్టకుండా కావాల్సినవి అందులోనే ఉంటాయి. కొత్త రేడియేటర్లలో తయారీ టైమ్‌లో మిగిలిన ఫ్లక్స్ (సోల్డర్ చేసేటప్పుడు వాడే పదార్థం) ఉంటుంది, ముందు వాటిని వేడి డిస్టిల్డ్ వాటర్ పోసి ఊపి, వచ్చే నీళ్లు తేటగా అయ్యేదాకా కడగండి. లూప్‌లో అన్నిటికంటే కింద పడే చోట T ఆకారం ఫిట్టింగ్ పెట్టి ఒక డ్రెయిన్ వాల్వ్, ఇది మర్చిపోతే నీళ్లు మార్చిన ప్రతిసారీ ఏడుపే. ట్యూబ్ చివర నిటారుగా కోసి, గోరువెచ్చటి నీళ్లలో ఓ నిమిషం ముంచి, ఫిట్టింగ్ అడుగు తగిలేదాకా తోసి అప్పుడు కాలర్ చేత్తోనే బిగించండి, ఆఖరి రెండు మిల్లీమీటర్లు మిగిలిపోతే కారేది అక్కడే.

నీళ్లు పోసే ముందు ఎయిర్ లీక్ టెస్టర్‌తో అర బార్ దాకా కొట్టి ఓ అరగంట వదిలెయ్యండి, దాని మీటర్ ముల్లు కదలకూడదు. పోసేటప్పుడు మదర్‌బోర్డుకీ కార్డ్‌కీ పవర్ కేబుల్స్ తీసేసి, పీఎస్‌యూ 24 పిన్‌కి జంపర్ (మదర్‌బోర్డు లేకుండానే పీఎస్‌యూ ఆన్ అయ్యేలా చేసే ప్లగ్) పెట్టి పంప్ ఒక్కటే తిప్పాలి, రిజర్వాయర్‌లో లెవెల్ పడిపోతుంటే వెంటనే ఆపి మళ్లీ నింపాలి.