హోటల్ గోడలకు స్థానిక చిత్రకారుల బొమ్మలు: కొనాలా, అద్దెకా, కమీషన్‌కా?

లాబీ_40:
నమస్కారమండీ. నలభై గదుల హోటల్‌ను మళ్లీ తీర్చిదిద్దుతున్నాం. కొన్న పోస్టర్లకు బదులు చుట్టుపక్కల చిత్రకారుల పనే పెట్టాలని నిర్ణయించాం. నచ్చిన అతిథి కొనుక్కునే వీలూ ఉండాలి. "మీకు పేరొస్తుంది కదా" అని ఉచితంగా అడగడం మాకిష్టం లేదు. ఏ పద్ధతి మేలు? గోడకు బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

రంగుల_పద్దు:
అన్నిచోట్లా ఒకే పద్ధతి వద్దండీ. గదిలో వేలాడే బొమ్మను ఆ గదిలో దిగినవాళ్లు తప్ప ఎవరూ చూడరు. అక్కడ కమీషన్ మీద, అంటే అమ్ముడైతేనే చిత్రకారుడికి డబ్బు, అందులో హోటల్‌కు వాటా అనే పద్ధతిలో పెడితే చిత్రకారుడి సరుకును తాళం వేసి దాచినట్టే. గదులకు డబ్బిచ్చి కొనేయండి. నలభై అసలు బొమ్మలకు బడ్జెట్ చాలకపోతే, చిత్రకారుడు అంకె వేసి సంతకం చేసిన పరిమిత ప్రింట్లు తీసుకోండి. పిగ్మెంట్ ఇంకు (త్వరగా వెలిసిపోనిది), ఆమ్లం లేని కాగితం అని ఆర్డర్‌లోనే రాయాలి. లాబీకి అద్దె బాగుంటుంది: మూడు నెలలకోసారి బొమ్మలు మార్చండి, అద్దెకున్నది ఎవరైనా కొన్నా చెల్లించిన అద్దె చిత్రకారుడిదే. కమీషన్ పద్ధతిని రెస్టారెంట్ దారికీ, లిఫ్ట్ ముందు గోడకీ ఉంచండి. జనం ఆగి చూసే చోట్లవే.

గ్యాలరీలు అమ్మకం ధరలో 40, 50 శాతం కూడా కమీషన్‌గా తీసుకుంటాయి. కానీ అవి ప్రదర్శన పెట్టి, కొనేవాళ్లను వెతికి తెస్తాయి. గోడ ఇచ్చి బిల్లు వేసే హోటల్‌కు 20 శాతం న్యాయం, 25 దాటకూడదు.

తేడా వచ్చేది ఎక్కువగా డబ్బు దగ్గరే. బొమ్మ ధర గది బిల్లులో కలిసిపోతే అకౌంట్స్‌వాళ్లు దాన్ని హోటల్ ఆదాయంగా రాసేస్తారు. పన్ను లెక్క తప్పుతుంది, చిత్రకారుడి వాటా నెలల తరబడి ఆగిపోతుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో దీనికి వేరే పద్దు తెరిపించండి, అమ్మిన 15 రోజుల్లో చెల్లింపు అని ఒప్పందంలో రాయండి. ధరల పట్టిక, ప్యాకింగ్ సామాను రాత్రి షిఫ్ట్‌వాళ్ల చేతిలోనూ ఉండాలి. తెల్లారి ఐదింటికి గది ఖాళీ చేసే అతిథికి "మేనేజర్ వచ్చాక" అంటే ఆ అమ్మకం పోయినట్టే.

ఫ్రేము_పని:
బిగింపు సంగతి నేను చెప్తాను. ఒక మేకు, ఒక తీగ పద్ధతి హోటల్‌కు పనికిరాదు. తలుపులు వేసిన అదురుకే ఫ్రేము పక్కకు ఒరుగుతుంది, ఎవరైనా తీసుకుపోవడమూ తేలిక. పైన రెండు బ్రాకెట్లు, కింద ప్రత్యేక స్పానర్‌తో తిరిగే ఒక లాక్ స్క్రూ ఉండే మూడు బిందువుల బిగింపు వాడండి. మంచం తలవైపు ఫ్రేములకు గాజు వద్దు, అక్రిలిక్ షీటే (పారదర్శక ప్లాస్టిక్) వేయండి. బొమ్మ మధ్య భాగం నేల నుంచి 145–150 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే నిలబడ్డవారి కంటికి సరిపోతుంది. కారిడార్‌లో మాత్రం సామాన్ల ట్రాలీ అంచు తగలనంత పైకి జరపండి.

వెలుతురు విషయంలో చాలామంది మరిచేది గంటల లెక్క. నీటిరంగులకూ నేత పనికీ 50 లక్స్ (వెలుతురు కొలిచే ప్రమాణం), నూనె రంగులకు 200 లక్స్ అనేది మ్యూజియం లెక్క. అక్కడ దీపాలు రోజుకు ఎనిమిది గంటలో, పదో. మీ లాబీలో 24 గంటలూ వెలుగుతాయి. వెలిసిపోవడం వెలుతురు ఎంత, ఎన్ని గంటలు అన్న రెండింటినీ బట్టి ఉంటుంది కాబట్టి అదే 50 లక్స్‌లో రంగు రెండు మూడు రెట్లు త్వరగా పోతుంది. కాగితం మీది పనిని కిటికీ ఎదుట పెట్టకండి. ఏసీ గాలి నేరుగా తగిలేచోట, స్నానాల గది తలుపు పక్కన కూడా వద్దు: తేమ మారినప్పుడల్లా కాగితం అలలు తిరుగుతుంది, తర్వాత బూజు. ఫ్రేము వెనక కింది మూలల్లో రబ్బరు బిళ్లలు అంటిస్తే గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడుతుంది.

హౌస్‌కీపింగ్‌వాళ్లకు ఒక్క మాట గట్టిగా చెప్పండి: ఫ్రేము మీద ఏదీ స్ప్రే చేయకూడదు. ద్రవం అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. అమోనియా ఉన్న క్లీనర్ అయితే అక్రిలిక్ షీట్ మసకబారిపోతుంది. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ చాలు.

సంతకం_హక్కు:
బొమ్మ కొన్నంత మాత్రాన కాపీరైట్ మీకు రాదండీ, అది రాతపూర్వకంగా బదిలీ కావాలి. బ్రోషర్‌లో, కీకార్డు మీద, సంచుల మీద అదే బొమ్మ అచ్చు వేయాలంటే వాడకం, కాలం, రుసుము చెప్పే వేరే లైసెన్స్ కావాలి. సోఫా రంగుకు నప్పేలా బొమ్మ రంగు మార్చడం, పక్కలు కత్తిరించడం అసలు వద్దు. పేరు వేయించుకునే హక్కు, పనిని వికృతం చేయనివ్వని హక్కు కాపీరైట్‌పై అంతర్జాతీయ ఒప్పందమైన బెర్న్ ఒప్పందం 6 బిస్ అధికరణలోనే ఉన్నాయి. ప్రతి బొమ్మ పక్కనా పేరు, మాధ్యమం, కొలతలు, ధర ఉన్న చీటీ పెట్టండి. క్యూఆర్ కోడ్ చిత్రకారుడి సొంత పేజీకి వెళ్లాలి, హోటల్ పేజీకి కాదు.

లాబీ_40:
చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలు. అద్దెకు తెచ్చిన బొమ్మ పాడైతే బాధ్యత ఎవరిది?

రంగుల_పద్దు:
మీదే. మీ ఆస్తి బీమా ఇతరుల వస్తువులకు వర్తించకపోవచ్చు, ముందే పాలసీ చూడండి. ఒక్కో బొమ్మకు ఒప్పుకున్న విలువ రాయించి, స్టూడియోలో గోడ దిగినప్పటి నుంచి తిరిగి చేరేదాకా రవాణాతో సహా బీమా చేయించండి. బొమ్మ అందిన రోజే ముందు, వెనక, నాలుగు మూలలు ఫొటోలు తీసి, ఉన్న గీతలు రాసి ఇద్దరూ సంతకం చేయాలి. తిరిగిచ్చేటప్పుడు అవే ఫొటోలు పక్కన పెట్టి చూడండి. బబుల్ షీట్ నేరుగా రంగు మీద చుట్టకండి, అక్రిలిక్ రంగుల మీద బుడగల అచ్చు పడుతుంది. ముందు గ్లాసీన్ అనే నున్నటి పల్చని కాగితం, దానిపైన బబుల్ షీట్.